గ్రెట్నా ఎఫ్‌సీని ముంచింది యజమాని డబ్బు ఆగడమా, 6,000 సీట్ల షరతా?

స్టాపేజ్ టైమ్:
గ్రెట్నా గురించి కొత్తవాళ్ల కోసం క్లుప్తంగా. స్కాట్లండ్ సరిహద్దులో 3,000 మంది ఉండే ఊరు. 2002లో ఎయిర్‌డ్రియోనియన్స్ క్లబ్ మూతపడితే ఆ ఖాళీలో స్కాటిష్ ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చారు. 2005, 2006, 2007లో అడుగు నుంచి వరసగా థర్డ్, సెకండ్, ఫస్ట్ డివిజన్లు గెలిచి, అన్నిటికంటే పైనుండే స్కాటిష్ ప్రీమియర్ లీగ్‌కి చేరారు. 2008 జూన్‌కి అసలు లీగ్‌లోనే లేరు. ఆరేళ్ల ఆయుష్షు.

యజమాని బ్రూక్స్ మైల్సన్ డబ్బు ఆగింది, క్లబ్ పోయింది అని అందరూ తేల్చేస్తారు. నా ఉద్దేశంలో అసలు దెబ్బ ప్రీమియర్ లీగ్ పెట్టిన 6,000 సీట్ల షరతు. గ్రెట్నా సొంత మైదానం రేడేల్ పార్క్ చాలదన్నారు. హోం మ్యాచ్‌లు దాదాపు అన్నీ మదర్‌వెల్ క్లబ్ వాళ్ల ఫిర్ పార్క్‌కి పోయాయి, సుమారు 120 కిలోమీటర్లు. 2008 ఏప్రిల్‌లో ఇన్వర్‌నెస్‌తో ఆటకి వచ్చింది 431 మంది. సొంతూళ్లో అయితే ఇలా జరిగేదా?

లెక్కల మాస్టారు:
ఆరేళ్లు కాదు. క్లబ్ పుట్టింది 1946లో. ముందు అది సరిచేయండి.

స్టాపేజ్ టైమ్:
మాస్టారూ, లీగ్ జీవితం గురించి మాట్లాడుతున్నా. విషయానికి రండి.

లెక్కల మాస్టారు:
వస్తున్నా. 3,000 మంది ఊరు. పసిపిల్లల్నీ ముసలివాళ్లనీ కలుపుకుని ఊరంతా టికెట్ కొన్నా ప్రీమియర్ లీగ్ జీతాలకి సరిపోదు. మూడో డివిజన్‌లో తక్కిన క్లబ్బులు దాదాపు అన్నీ పార్ట్‌టైమ్ ఆటగాళ్లతో నెట్టుకొస్తుంటే గ్రెట్నా ఫుల్‌టైమ్ జీతాలిచ్చింది. 2004-05లో 36 మ్యాచ్‌ల్లో 130 గోల్స్, 98 పాయింట్లు ఊరికే రాలేదు. టికెట్ డబ్బుకీ జీతాల బిల్లుకీ మధ్య గొయ్యిని నెలనెలా ఒకే మనిషి పూడ్చాడు. ఆటగాడి ఒప్పందం సీజన్ చివరిదాకా కట్టేస్తుంది, దాత డబ్బుకి అలాంటి కట్టుబాటేమీ లేదు. ఆయన మంచాన పడి చెయ్యి వెనక్కి తీయగానే మొదట జీతాలు ఆగాయి, తర్వాత బాకీలవాళ్లు వచ్చారు, 2008 మార్చిలో అడ్మినిస్ట్రేషన్, అంటే అప్పులు తీర్చలేని క్లబ్ బయటి నిర్వాహకుల చేతికి పోవడం. సీట్లకి ఇందులో పాత్ర లేదు.

కార్నర్ ఫ్లాగ్:
పార్ట్‌టైమ్ అంటే గుర్తొచ్చింది, వాళ్ల సెంటర్ ఫార్వర్డ్ కెన్నీ డ్యూషర్ నిజంగానే డాక్టరు. ఆ 130 గోల్స్ సీజన్‌లో ఆరు హ్యాట్రిక్‌లు కొట్టాడు. 🙂

రెండో అంచె:
ఒక సందేహం. ఫిర్ పార్కే ఎందుకు? డమ్‌ఫ్రీస్‌లో పామర్‌స్టన్ పార్క్ పక్కనే కదా, 40 కిలోమీటర్లు కూడా ఉండదు.

స్టాపేజ్ టైమ్:
అక్కడే ఉంది తిరకాసు. పామర్‌స్టన్‌లో జనం పడతారు, సీట్లు లేవు. పెద్ద భాగం నిలబడి చూసే టెర్రస్. షరతు 6,000 కుర్చీలు అంటోంది, 6,000 మంది అనడం లేదు. ఇంకా దగ్గర కావాలంటే కార్లైల్ ఉంది, కానీ అది ఇంగ్లండ్. వింతేంటంటే 1982 నుంచి 2002 దాకా ఇదే గ్రెట్నా ఇంగ్లండ్ లీగుల్లోనే ఆడింది! మొదట నార్తర్న్ లీగ్, తర్వాత నార్తర్న్ ప్రీమియర్ లీగ్. అప్పుడు అడ్డురాని సరిహద్దు ఇప్పుడు అడ్డొచ్చింది.

లెక్కల మాస్టారు:
షరతు 2007లో కొత్తగా ఊడిపడలేదు. అంతకుముందు 10,000 సీట్లుండేది. 2003లో ఫాల్కర్క్ ఫస్ట్ డివిజన్ గెలిచినా బ్రాక్‌విల్ మైదానం చాలదని పైకి రానివ్వలేదు. 2004లో ఇన్వర్‌నెస్ పైకొచ్చి, సగం సీజన్ అబర్డీన్‌లో అద్దెకి ఆడింది. అదీ 150 కిలోమీటర్లకి పైనే. 6,000కి తగ్గించాక 2005 జనవరిలో సొంతూరికి తిరిగొచ్చింది. చచ్చిందా? లేదు. దూరమే చంపేదైతే ముందు ఇన్వర్‌నెస్ పోవాలి. పునాది తీయకుండా మూడంతస్తులు లేపి, కూలాక గాలిని తిడితే ఎలా?

స్టాపేజ్ టైమ్:
ఇన్వర్‌నెస్ పెద్ద ఊరు, సగం సీజన్ మాత్రమే బయట ఉంది. గ్రెట్నాకి 19 హోం మ్యాచ్‌లూ పరాయి గడ్డే. పైగా ఫిర్ పార్క్ పచ్చిక రెండు జట్ల తాకిడికి చెడింది, మ్యాచ్‌లు వాయిదా పడ్డాయి. అద్దె మీది, నష్టం మీది, సీజన్ టికెట్ కొనేవాడు ఉండడు. రేడేల్‌ని 6,000 సీట్లకి పెంచే ప్లాన్ గీశారు, కట్టడానికి టైమేది? ప్రమోషన్ ఖాయమైంది ఆఖరి రోజున. డింగ్‌వాల్‌లో రాస్ కౌంటీ మీద 3-2, గ్రెట్నా ఆటగాడు గ్రేడీ గోల్ చివరి నిమిషంలో. సెయింట్ జాన్‌స్టన్ ఒక్క పాయింట్ వెనక. ఆ గోల్ పడకపోతే ఈ చర్చే లేదు.

లెక్కల మాస్టారు:
రాస్ కౌంటీ పేరు మీరే ఎత్తారు, మంచిదైంది. డింగ్‌వాల్ కూడా చిన్న ఊరే. వాళ్లకీ డబ్బున్న యజమాని ఉన్నాడు. కానీ లీగ్‌లో చేరింది 1994లో, ప్రీమియర్ లీగ్‌కి వెళ్లింది 2012లో. 18 ఏళ్లు. ఆలోగా స్టాండ్లు కట్టారు, చుట్టుపక్కల ప్రాంతం నుంచి జనాన్ని అలవాటు చేసుకున్నారు. గ్రెట్నా అయిదేళ్లలో వెళ్లింది. జట్టుని కొనగలరు, ప్రేక్షకుల్ని కొనలేరు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె.

స్టాపేజ్ టైమ్:
సామెతలు బాగానే చెప్తారు. పోయిన నెల లివింగ్‌స్టన్ చర్చలోనూ ఇంతే, నా మాట పూర్తికాకముందే తీర్పు రాసేశారు. చిన్న ఊళ్లు పైకి రాకూడదని సూటిగా అనేయండి, పోతుంది.

లెక్కల మాస్టారు:
నేనన్నది అది కాదు, మీరు కావాలని తిప్పుతున్నారు. పైగా మొదటి పోస్టులో ఇంకా "ఆరేళ్ల ఆయుష్షు" అనే ఉంది.

రెండో అంచె:
మాస్టారూ ఆ 1946ని వదిలేయరూ…

లెక్కల మాస్టారు:
వదలను. వ్యవహారమంతా అక్కడే ఉంది. ఆరేళ్లు అన్నప్పుడు మైల్సన్ డబ్బుతోనే క్లబ్ పుట్టిందనీ, ఆ డబ్బుతోనే పోయిందనీ ఒప్పుకున్నట్టు. మరి అంతకుముందు 56 ఏళ్లు వర్షంలో గీతలు గీసి, జెర్సీలు ఉతికి నడిపినవాళ్లు ఎవరు? ఆ క్లబ్ ఎవరిని అడిగి ఈ జూదంలో దిగింది? 2008 మేలో ఉద్యోగులందరినీ తీసేశారు. 2006లో స్కాటిష్ కప్ ఫైనల్ దాకా వెళ్లడం గొప్ప, నేనూ ఒప్పుకుంటా. మూల్యం కట్టింది మాత్రం వేరేవాళ్లు.

స్టాపేజ్ టైమ్:
ఇప్పుడు తేలింది. నేను మాత్రం ఆ 56 ఏళ్లలో ఆ ఊరికి దొరకనిది ఆరేళ్లలో దొరికిందంటాను. 2006 మే 13న హ్యాంప్‌డెన్‌లో స్కాటిష్ కప్ ఫైనల్, హార్ట్స్‌తో 1-1, పెనాల్టీల్లో 4-2తో పోయింది. సెకండ్ డివిజన్ జట్టు! ఆ వేసవిలో యూరప్ క్లబ్బుల పోటీ యుయెఫా కప్. అవును, డెర్రీ సిటీ చేతిలో 5-1 తిన్నారు, అయినా యూరప్ ఆడారు. వందేళ్లు అడుగున పడి ఉండటమే మర్యాదా? క్లబ్ ఉండేది ఆడటానికా, దాచుకోవడానికా?

లెక్కల మాస్టారు:
వచ్చే ఏడాది కూడా ఆడటానికి.

కార్నర్ ఫ్లాగ్:
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. సీజన్ ముగించడానికి డబ్బెక్కడిది? అడ్మినిస్ట్రేషన్‌లో పడ్డాక ఆటలు ఆగిపోవాలి కదా?

లెక్కల మాస్టారు:
లీగే ముందుగా డబ్బిచ్చి నడిపించింది. దయతో కాదు. ఒక జట్టు మధ్యలో తప్పుకుంటే దాని ఫలితాలన్నీ కొట్టేయాలి, అప్పుడు గ్రెట్నా మీద గెలిచినవాడికీ ఓడినవాడికీ పట్టిక తారుమారు. అడ్మినిస్ట్రేషన్‌కి శిక్షగా 10 పాయింట్లు కోసేశారు. మైదానంలో తెచ్చుకున్నవి 23, మిగిలినవి 13. కోత లేకపోయినా ఆఖరి స్థానమే. చివరి ఆటలో మాత్రం హార్ట్స్‌ని 1-0తో కొట్టారు. తర్వాత కొనేవాడు దొరక్క మూడో డివిజన్‌కి దించారు, అదీ చేతకాక తప్పుకున్నారు. ఆ ఖాళీలో పక్క ఊరు అనన్ అథ్లెటిక్‌ని తీసుకున్నారు.

స్టాపేజ్ టైమ్:
అనన్‌కి ఆ తలుపు తెరిచింది కూడా గ్రెట్నాయే.

లెక్కల మాస్టారు:
చచ్చి తెరిచింది.

రెండో అంచె:
మరి ఇప్పుడు రేడేల్‌లో ఆడేది ఎవరు?

లెక్కల మాస్టారు:
గ్రెట్నా 2008. అభిమానుల సంఘం పెట్టుకున్న క్లబ్. ఈస్ట్ ఆఫ్ స్కాట్లండ్ లీగ్‌లో మొదలుపెట్టి, 2013లో లోలాండ్ లీగ్ మొదలైనప్పుడు అందులో చేరింది. ఇదీ అదే క్లబ్ అంటాను నేను. జెర్సీలు ఉతికేవాళ్లు వాళ్లే.

స్టాపేజ్ టైమ్:
అదే క్లబ్ అయితే మీ లెక్క ప్రకారం గ్రెట్నా చావనే లేదు. మరి ఇంతసేపూ మైల్సన్ డబ్బు చంపిందని ఎందుకు వాదించారు మాస్టారూ?

లెక్కల మాస్టారు:
ముందు ఆ ఆరేళ్లు సరిచేయండి, తర్వాత చెప్తా.