ఇంటి కంప్యూటర్లతో తుపాన్ల అధ్యయనం: ఉద్దానానికి ఏమైనా ఉపయోగమా?

ప్రశ్న (పలాస):
2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లు మొవ్వులు విరిగి, జీడి చెట్లు వేళ్లతో సహా లేచి పడిపోయాయి. అది కళ్లారా చూసిన మా విద్యార్థులు, కళాశాల ల్యాబ్‌లో ఖాళీగా ఉండే కంప్యూటర్లను ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారి, జనం కంప్యూటర్లతో వాతావరణ లెక్కలు చేయించే ప్రాజెక్టు క్లైమేట్‌ప్రెడిక్షన్ డాట్ నెట్‌కు కేటాయించాలని అడుగుతున్నారు. మరో తిత్లీ ఎప్పుడు వస్తుందో దానివల్ల తెలుస్తుందా? మధ్యలో కరెంటు పోతే చేసిన లెక్కంతా వృథా అవుతుందా?

సమాధానం 1 (శ్రీకాకుళం):
మాస్టారూ, తుపాను ఎప్పుడు, ఎక్కడ తీరం దాటుతుందో చెప్పడం భారత వాతావరణ శాఖ పని. ఈ ప్రాజెక్టు అడిగే ప్రశ్న వేరు. 2003లో మొదలైన ఈ ప్రాజెక్టులో బ్రిటన్ మెట్ ఆఫీస్ తయారుచేసిన వాతావరణ నమూనాలను (వాతావరణాన్ని లెక్కల్లో అనుకరించే ప్రోగ్రాములను), ఆరంభ పరిస్థితుల్లో అతి స్వల్ప తేడాలు పెట్టి, వేలసార్లు నడుపుతారు. కొన్నిటికి నేటి వాతావరణాన్ని, మరికొన్నిటికి మనిషి బొగ్గు, చమురు మండించకపోయి ఉంటే ఉండే వాతావరణాన్ని ఇస్తారు. కుండపోత వర్షం మొదటి గుంపులో ఎన్నిసార్లు కురిసింది, రెండో గుంపులో ఎన్నిసార్లు కురిసింది అని పోల్చి చూస్తే ముప్పు ఎంత పెరిగిందో అంచనాకు వస్తుంది. 2000లో ఇంగ్లండ్, వేల్స్‌లను ముంచిన వరదల ముప్పును కర్బన ఉద్గారాలు పెంచాయని 2011లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధనకు ఇలాంటి లెక్కలే ఆధారం. అరుదైన విపత్తును కొద్దిపాటి లెక్కలతో పట్టుకోలేము కాబట్టే వారికి ఇన్ని ఇళ్ల కంప్యూటర్లు కావలసి వస్తున్నాయి.

సమాధానం 2 (బొబ్బిలి):
కరెంటు గురించి దిగులు వద్దు. పనిని పంచే బోయింక్ సాఫ్ట్‌వేర్ కింద నడిచే నమూనా తన స్థితిని ఎప్పటికప్పుడు డిస్కులో భద్రపరుస్తుంది కనుక, చివరిసారి భద్రపరచిన చోటి నుంచి మళ్లీ సాగుతుంది. అయితే ఒక్కో పని రోజుల తరబడి నడుస్తుంది, యంత్రాలు వేడెక్కుతాయి, కరెంటు బిల్లు పెరుగుతుంది. ప్రిన్సిపాల్ గారి అనుమతి ముందే తీసుకోండి.

సమాధానం 3 (విజయనగరం):
ఒక హద్దు మాత్రం పిల్లలకు స్పష్టంగా చెప్పాలి. ఒక ప్రాంతాన్నే వివరంగా లెక్కించే ఇలాంటి ప్రాంతీయ నమూనాలు ఆ ప్రాంతాన్ని గడులుగా విడగొడతాయి; ఒక్కో గడి 25 లేదా 50 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. తుపాను కన్ను చుట్టూ వీచే ప్రచండమైన గాలులు అంత పెద్ద గడుల్లో సరిగా పట్టుబడవు, కాబట్టి కొబ్బరి మొవ్వు విరిచే గాలి వేగం గురించి ఈ లెక్కలను నమ్ముకోలేము. వాన సంగతి కొంత మెరుగు. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం అదనంగా నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు, కాబట్టి కురిసేటప్పుడు వాన మరింత జోరుగా కురవగలదు. తిత్లీ తరువాత వంశధార ఎలా పొంగిందో మనకు తెలుసు. గట్ల ఎత్తు నిర్ణయించేవారికి గతంలో నమోదైన వర్షపాతం ఒక్కటే చాలదని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. అనుమతి రాగానే ముందు కొన్ని యంత్రాలతో మొదలుపెడతాము. బంగాళాఖాతం వర్షాలకు సంబంధించిన పని ఎప్పుడు ఇస్తారో ఎలా తెలుసుకోవాలి?