ఎదురుచూసి కళ్ళు కాయలు కాచాయి: ఇది ఏ కాయ?

నిన్న గ్రూపులో వచ్చిన ప్రశ్నకు జవాబు ఇది. చెట్టు కాయే అని కొందరు రాశారు. కన్ను ఉబ్బి కాయలా కనిపిస్తుందని ఇంకొకరన్నారు. నేనైతే చేతికి కాసే కాయే అంటాను. విశాఖలో జాలరిపేట పక్కన పెరిగినదాన్ని. తాళ్ళు లాగి లాగి వేళ్ళ మొదట్లో చర్మం గట్టిపడితే "చేతులు కాయలు కాసేశాయమ్మా" అని చూపించేవారు. నాకు ఆ మాట ముందు తెలుసు, కళ్ళ సంగతి తర్వాత తెలిసింది.

ఇప్పుడు డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతున్నాను. చర్మం పాఠం వచ్చినప్పుడల్లా ఈ జాతీయం గుర్తొస్తుంది. మన ఒంటి మీద అన్నిటికన్నా పైన ఉండేవి చచ్చిన కణాలు. చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉంటాయి. ముంజేతికి సెల్లోటేపు అంటించి లాగితే ఊడి వచ్చేవి అవే. ముఖం మీద చర్మం త్వరత్వరగా కొత్తదవుతుంది కాబట్టి అక్కడి కణాలు చిన్నవి, కాళ్ళూ చేతుల మీదవి పెద్దవి. అరచేయి, అరికాలు మాత్రం వేరే లోకం. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఆ కణాల ముఖం నిండా సన్నని మొలకల్లాంటి బుడిపెలు కనిపిస్తాయి. కణాన్ని కణానికి పట్టి ఉంచే బిగింపులు మిగతా ఒంట్లో పై పొరలకు వచ్చేసరికి చాలావరకు అంచుల్లోనే మిగులుతాయి. అరచేతిలో అవి కణం అంతటా ఉంటాయి. అందుకే అక్కడి పొరలు తొందరగా రాలవు. రాపిడి తగిలేకొద్దీ ఇంకా పేరుకుంటాయి. అదే కాయ.

ఇక కనురెప్ప చూడండి. దాని బాహ్యచర్మం మందం సుమారు 0.05 మిల్లీమీటర్లు. అరచేతిది, అరికాలిది 1.5 దాకా ఉంటుంది. ఒంట్లో అంత పలచటి చోట కాయ కాసిందంటే ఆ చూపు ఎన్ని రోజులు ఆ దారిని రాసుకుని ఉండాలి! చెట్టు కాయ అనుకుంటే ఈ నొప్పి పోతుంది. నాకు అది ఒప్పుకోబుద్ధి కాదు.

వ్యాఖ్య: మేడమ్ గారూ, "కాచుకు కూర్చోవడం" అనే మాటా ఉంది కదండీ. కాపలా కాయడం, వెన్నెల కాయడం కూడా. ఎదురుచూపు అర్థం అక్కడి నుంచి రాలేదంటారా?

జవాబు: మంచి మాట గుర్తుచేశారు మాస్టారూ. కాచుకున్న కళ్ళే కాయలు కాచాయి అన్నప్పుడు ఆ రెండు అర్థాలూ చెవికి కలిసే వినిపిస్తాయి. ఈ జాతీయం ఇంతకాలం నిలవడానికి అదీ ఒక కారణమేమో. అయితే "కాయలు" అనే నామవాచకం దగ్గర నేను చేతి కాయనే పట్టుకుంటాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది కదా. ఆ రోజుల్లో మరబోట్ల మీద పనిచేసేవాళ్ళు "చేతులు మెత్తబడిపోయాయి" అంటారు. కాయలు రాలాయనో, పండాయనో అనగా నేను వినలేదు. చెట్టు కాయకుండే క్రియలు చేతి కాయకు లేవు, కళ్ళ కాయకూ లేవు.

శ్రీకాకుళం, విజయనగరం వైపు చేతి కాయకు ఇంకో పేరుంటే రాయండి, రాసి పెట్టుకుంటాను.