పెంకుల కప్పు క్యాంపస్ భవనంలో చిల్డ్ బీములు పనిచేస్తాయా?

ప్రశ్న: పాత శైలి కాలేజీ బ్లాకు. పెంకుల వాలు కప్పు, చెక్క సీలింగు. డక్టులు (ఏసీ గాలి గొట్టాలు) కనపడకూడదంటున్నారు. చిల్డ్ బీములు (చల్లటి నీళ్లు పారే గొట్టాలతో సీలింగు దగ్గర నుంచి గదిని చల్లబరిచేవి) పెట్టొచ్చా అండీ?

జవాబు 1: పెట్టొచ్చు, తేమ అదుపులో ఉంటేనే. గది 25 డిగ్రీలు, తేమ 55 శాతం ఉంటే డ్యూ పాయింటు (గాలిలో తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత) 15 దాటుతుంది. అంతకంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ వేడితోనే బీములోకి నీళ్లు పంపాలి. లేదంటే చెక్క మీద చుక్కలు, ఆపై బూజు. కిటికీ తెరవగానే వాల్వు మూసుకునేలా సెన్సరు తప్పనిసరి. బయటి గాలిని ముందే ఆరబెట్టి పంపాలి, అసలు ఖర్చంతా అక్కడే.

జవాబు 2: వరండా వైపు తలుపులు ఊరికే తెరుచుకునే గదులకి వద్దు, ఫ్యాన్ కాయిలే (చల్లటి నీటి గొట్టాల మీదుగా ఫ్యాన్‌తో గాలి ఊదే యూనిట్లే) నయం.

జవాబు 3: ముందు కప్పు నుంచి దిగే వేడి సంగతి చూడండి. పెంకుల కింద 50 మి.మీ. గాలి సందు, చూరు దగ్గరా పైకొనలోనూ తెరిచి ఉండాలి. వేడిని తిప్పికొట్టే మెరిసే రేకుని (ఫాయిల్) పెంకులకి ఆనించేస్తారు, సందు లేకపోతే అది ఉన్నా లేనట్టే.