.315 తూటాల ఖాళీ కేసులు: అన్నింటి మీదా కేఎఫ్ ముద్రే, మరి తూకంలో ఇంత తేడా ఎందుకు?

పెన్నాఒడ్డు (ప్రొద్దుటూరు):
అందరికీ నమస్తే. మా నాయన పేరున .315 రైఫిల్ లైసెన్సు ఉంది. రేంజిలో కొట్టిన ప్రతి తూటా ఖాళీ కేసునూ (ఇత్తడి తొడుగును) ఆయన డబ్బాలో దాచిపెట్టినాడు. మొన్న అన్నీ పరిచి చూస్తే అడుగున కేఎఫ్ అనే ఉంది గానీ సంవత్సరం మాత్రం రెండు రకాలు. ఒక రకానికి మెడ (గుండు కూర్చునే సన్నటి కొస) దగ్గర నెమలికంఠం రంగులో పట్టీ ఉంది, ఇంకో రకం అంతా ఒకే పసుపు. బంగారు అంగడిలో తెలిసినాయన త్రాసులో రకానికి పదేసి, ఒక్కొక్కటిగా తూచినాను. ఒకే సంవత్సరంవైతే 0.1 గ్రాము అటూ ఇటూ, రెండు రకాలకూ మధ్య మాత్రం అర గ్రాము దాకా తేడా! అంగట్లో ఒకే రోజు కొన్నవే ఇవన్నీ, విడిగా లెక్కబెట్టి ఇచ్చినారు. రంగు పట్టీ ఉన్నవి నాసిరకమా? గురి మీద గుంపు (దెబ్బలన్నీ) ఒక్కచోట పడకపోవడానికి ఇదే కారణమా?

పాతహవల్దార్ (అనంతపురం):
బాబూ, కేఎఫ్ అంటే కిర్కీ ఫ్యాక్టరీ, పుణె పక్కన ఇప్పుడు ఖడ్కీ అంటామే, అదే. 1869 నుంచి ఉంది. 2021లో ప్రభుత్వ ఆయుధ ఫ్యాక్టరీల ఆర్డ్‌నెన్స్ బోర్డును ఏడు కంపెనీలుగా విడగొట్టినప్పుడు వాటిలో ఒకటైన మ్యూనిషన్స్ ఇండియా కిందికి పోయింది. మా పటాలంలో వరణ్‌గావ్ ఫ్యాక్టరీవి కూడా వచ్చేవి, వాటి మీద ఓఎఫ్‌వీ అని ఉండేది. ఖోఖాలు (ఖాళీ కేసులు) ఏరి లెక్క అప్పజెప్పేటప్పుడు ఆ అక్షరాలు చూసీ చూసీ నోటికి వచ్చేసినాయి. పెట్టె మీద పేరు కంటే కేసు అడుగు చూడు, అసలు పుట్టుక అక్కడ తెలుస్తుంది. అమెరికాలో ఫెడరల్ అనే తూటాల కంపెనీ పెట్టె విప్పితే లేక్ సిటీ ప్రభుత్వ ఫ్యాక్టరీ ఎల్‌సీ ముద్ర కనపడిన రోజులూ ఉన్నాయి. విడి తూటాలు తీసుకోవద్దు, ఒకే లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) నంబరు ఉన్న సీలు పెట్టె అడుగు. నా మాట విను, సగం చిక్కు అక్కడే తీరుతుంది.

కొలిమిగడ్డ (కర్నూలు):
మాది కంచరి ఇల్లు, నేను చదివింది మెటలర్జీ. ఆ రంగు పట్టీ నాసిరకం గుర్తు కానే కాదు. మా తాత బిందె కొట్టేటప్పుడు సుత్తిదెబ్బలకు రేకు గట్టిపడి, ఇక కొడితే చీలుతుందనగా కొలిమిలో కాల్చి మెత్తబరిచేవాడు. తూటా కేసుదీ అదే కథ. 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు ఉన్న ఇత్తడి బిళ్ళను గిన్నెలా వంచి, అచ్చులోంచి పదేపదే సాగదీస్తూ మధ్యమధ్యలో కాలుస్తారు. అడుగు గట్టిగా ఉండాలి, మెడ మెత్తగా ఉండాలి, అందుకే చివరలో మెడకు మాత్రం వేడి తగిలిస్తారు. ఆ రంగు దానిదే. కొన్నిచోట్ల దాన్ని మెరుగుపెట్టి తీసేస్తారు, కొన్నిచోట్ల వదిలేస్తారు, అంతే.

ఇక తూకం. కొట్టినప్పుడు కేసు ఉబ్బి ఛాంబర్ (తుపాకీలో తూటా కూర్చునే అర) గోడకు ఆనుతుంది కాబట్టి బయటి కొలత అన్నింటికీ దాదాపు ఒకటే. బరువు పెరిగిందంటే ఇత్తడి చాలావరకు లోపలికే చేరినట్టు, తుపాకీ మందుకు చోటు తగ్గినట్టు. అదే మందు ఇరుకు చోట మండితే ఒత్తిడి పెరుగుతుంది, వేగం మారుతుంది. అయితే అడుగు మందంలోనూ కొంత బరువు దాగుతుంది, కాబట్టి అర గ్రామూ గుంపు చెడడానికే కారణమని చెప్పలేను. తూటాలోని గుండ్లు, మందు కూడా లాటుకో రకంగా ఉంటాయి.

పెన్నాఒడ్డు:
మనసు కుదుటపడింది అన్నా. ఇంకొకటి. మిగిలిన తూటాలు యూరియా మూటలు పెట్టే గదిలో బీరువాలో ఉన్నాయి. కొన్ని నల్లబడినాయి, మా అమ్మ చింతపండుతో తోమమంటోంది.

కొలిమిగడ్డ:
ముందు అక్కణ్ణుంచి తీయండి, ఈ రోజే! తెల్లవాళ్ళ కాలంలో మన దేశంలోనే, వానాకాలం గుర్రపుశాలల దగ్గర దాచిన తూటాల మెడలు వాటంతట అవే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, లోహంలో మిగిలిపోయిన బిగువు కలిసి ఆ పని చేస్తాయని 1921లో తేల్చినారు. తేమ తగిలితే యూరియా నుంచీ అమ్మోనియా వస్తుంది, పశువుల కొట్టమూ అంతే. చింతపులుపు చెంబుకు బాగుంటుంది గానీ, తూటాకు వద్దు. ఇత్తడి పాలిష్ కూడా వద్దు, కొన్నింటిలో అమ్మోనియా ఉంటుంది. పొడిగుడ్డతో తుడిచి, మెడ దగ్గర వెంట్రుకంత చీలిక కనపడినా దాన్ని పేల్చకుండా పక్కన పెట్టి, లైసెన్సున్న డీలరుకు అప్పగించండి.

పెన్నాఒడ్డు:
ఇప్పుడే మిద్దె మీది గదికి మార్చినాము. ఒకదాని మెడకు నిలువుగా సన్న గీత ఉంది, గోరుకు తగులుతోంది. నాయన దాన్ని విడిగా కట్టిపెట్టినాడు, సోమవారం డీలరు దగ్గరికి తీసుకుపోతాడు.