జూలియా చైల్డ్ తిన్న రువాన్ చేప: బెజవాడలో దేనితో వండాలి?

బెజవాడ చదువరి:
అమెరికన్ వంటల రచయిత్రి జూలియా చైల్డ్ జ్ఞాపకాల పుస్తకం 'మై లైఫ్ ఇన్ ఫ్రాన్స్' చదువుతున్నాను. 1948 నవంబరులో ఓడ దిగి, పారిస్ వెళ్తూ దారిలో రువాన్‌లో తిన్న సోల్ మూనియేర్ (మైదా అద్ది వెన్నలో వేయించిన సోల్ చేప) గురించి ఆవిడ రాసిన పేజీలు ఎంత బాగున్నాయో! మసాలా లేదు, వెన్న, నిమ్మరసం అంతే. అది వండుకు తిని మిగతాది చదవాలనుంది. ఏ చేప కొనాలి? వెన్న మాడకుండా ఎలా?

కృష్ణలంక:
తెల్ల చందువ మొదటి మాట, లేదంటే పండుగప్ప. బొచ్చె, రాగండి వద్దండీ, కండంతా సన్నముళ్లే. పులుసు ముక్కల్లా అడ్డంగా కొట్టించొద్దు. నడిముల్లు తీసి, పొడవుగా సెంటీమీటరు మందాన ఫిల్లెట్ తీయమనండి. అర కిలోకి అరకప్పు మైదా చాలు. కడిగాక గుడ్డతో గట్టిగా అద్ది తడి తీసేయాలి. తడి ఉంటే మైదా జిగురై పెనానికి పట్టేస్తుంది. ఉప్పు, మిరియాల పొడి చల్లి, మైదాలో దొర్లించి, దులిపి, వెంటనే పెనంలోకి. ముందే మైదా పట్టించి పక్కన పెడితే చేపలోని నీరు ఊరి పూతంతా పాడవుతుంది.

బ్రాడీపేట:
వెన్నలో మాడేది అందులోని పాలపదార్థం. అది తీసేస్తే మిగిలేది మన నెయ్యే కదా! అందుకని వేయించడం రెండు చెంచాల నేతిలో కానివ్వండి. పెనం బాగా కాగాక రెండేసి ముక్కలే వేయండి, ఎక్కువైతే వేడి తగ్గి చేప ఉడికిపోతుంది. ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు. అంచు బంగారు రంగు తిరిగేదాకా కదపొద్దు.

చేప తీసి, పెనం తుడిచేసి, ఉప్పు లేని వెన్న 50 గ్రాములు సన్నటి సెగ మీద కరిగించండి. మొదట నురగ, చిటపటలు: నీరు పోతోందన్నమాట. చప్పుడు తగ్గి, అడుగున గసి గోధుమరంగుకు తిరిగి, వేరుశనగలు వేగుతున్న వాసన రాగానే దించేయాలి. ఇంకాస్త ఆగితే నల్లబడి చేదెక్కుతుంది. అప్పుడే నిమ్మరసం పిండి చేప మీద పోయండి. మన నిమ్మకాయ పులుపు ఎక్కువ, అరచెక్కతో ఆపి రుచి చూడండి.

బెజవాడ చదువరి:
ధన్యవాదాలండీ. ఇంట్లో చిలికిన వెన్న పనికొస్తుందా? పైన చల్లే పార్స్లీ ఆకు బదులు కొత్తిమీర వేయొచ్చా?

బ్రాడీపేట:
వెన్న భేషుగ్గా పనికొస్తుంది. మజ్జిగ పోయేదాకా చన్నీళ్లలో రెండు మూడుసార్లు కడగండి, లేదంటే చిమ్ముతుంది, పులిసిన వాసనా వస్తుంది. కొత్తిమీర మాత్రం వద్దు, వెన్న వాసనను మింగేస్తుంది. పార్స్లీ దొరక్కపోతే మానేయండి.

కృష్ణలంక:
ఇది తిన్నాక 1949లో జూలియా పారిస్‌లోని వంటల బడి కోర్డాన్ బ్లూలో చేరిన అధ్యాయానికి వెళ్లండి. గురువు మాక్స్ బున్యార్ దగ్గర కోడిగుడ్డు వండటం కూడా మొదట్నుంచీ నేర్చుకుంటుంది! ఆ పేజీలు పట్టుకుని గుడ్లూ చేయండి: సన్నటి సెగ మీద, వెన్నతో, కలుపుతూనే ఉండాలి, ఇంకా కాస్త జారుగా ఉండగానే దించేయాలి. పెనం వేడికి మిగతాది అదే గట్టిపడుతుంది.