రీగల్ టాంగ్‌కు తెల్ల చుక్కలు, తోక దగ్గర గాయం: ఏ మందు వాడాలి?

హన్మకొండ_రీఫ్:
నమస్తే అందరికీ. నాది నాలుగు అడుగుల సాల్ట్ వాటర్ ట్యాంక్. ఒక జత క్లౌన్ చేపలు, క్లీనర్ ష్రింప్‌లు, కొన్ని సాఫ్ట్ కోరల్స్ ఉన్నాయి. ఈ మధ్యే హైదరాబాద్ నుంచి రీగల్ టాంగ్ (నీలం రంగు సముద్రపు చేప) తెచ్చాను. ఇప్పుడు దాని ఒంటి మీద తెల్ల చుక్కలు లేచాయి, రాయికేసి ఒళ్లు రుద్దుకుంటోంది. తోక మొదట్లో చర్మం గీసుకుపోయి ఎర్రగా ఉంది. షాపాయన కాపర్ మందు చేతిలో పెట్టి ట్యాంక్‌లో పోసేయమన్నాడు. పోయాలంటే భయంగా ఉంది. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు, తెలిసినవాళ్లు చెప్పండి.

కాజీపేట_క్లౌన్:
అన్నా, ఆ సీసా మూత తీయకు. మెయిన్ ట్యాంక్‌లో కాపర్ పడితే ష్రింప్‌లు, కోరల్స్ బతకవు. రాళ్లు, ఇసుక కూడా దాన్ని పీల్చుకుంటాయి, తర్వాత ఎన్నాళ్లకు వదులుతాయో చెప్పలేం.

ముందు రోగమేంటో తేల్చుకుందాం. లైట్లు ఆపి, టార్చ్ పక్క నుంచి వేసి చూడు. చుక్కలు ఉప్పు రవ్వలంత ఉండి విడివిడిగా కనిపిస్తే మెరైన్ ఇచ్ అనే తెల్ల చుక్కల రోగం. సన్నటి దుమ్ములా, కాస్త బంగారు రంగులో ఉంటే వెల్వెట్ అనే ఇంకో రోగం. వెల్వెట్ మొప్పల్లో చేరుతుంది, చుక్కలు సరిగ్గా కనబడకముందే చేపలు పోతాయి. ఊపిరి వేగంగా తీస్తోందా? పవర్‌హెడ్ (నీళ్లు తోసే పంప్) ధారకు ఎదురుగా నిలబడుతోందా? తిండి తింటోందా?

హన్మకొండ_రీఫ్:
ఉప్పు రవ్వల్లాగే ఉన్నాయి తమ్ముడూ. నోరి (ఎండు సముద్రపు నాచు) బాగానే తింటోంది. ఊపిరి మామూలుగానే ఉంది. రాత్రి చూసిన చుక్కల్లో సగం పొద్దునకి లేవు. తగ్గుతున్నట్టేనా?

కరీంనగర్_సముద్రం:
తగ్గడం కాదండీ, దిగిపోయాయి. ఇది క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్, మెరైన్ ఇచ్ తెచ్చే పురుగు. చేప చర్మం కింద కొన్ని రోజులు తిని, ఇసుకలోకి దిగి, గట్టి పెంకు కట్టుకుంటుంది. అందులోంచి వందల పిల్లలు వచ్చి మళ్లీ చేపను వెతుక్కుంటాయి. అవి ఈదుతున్నప్పుడే మందు పనిచేస్తుంది. చేప ఒంట్లో ఉన్నప్పుడూ, పెంకులో ఉన్నప్పుడూ కాపర్ వాటిని ఏమీ చేయలేదు. చుక్కలు పోయాయని మధ్యలో మందు ఆపకూడదని చెప్పేది అందుకే.

టాంగ్ ఒక్కదాన్నే కాదు, క్లౌన్లను కూడా తీయాలి. వాటిని హాస్పిటల్ ట్యాంక్‌లో, అంటే మందు వేయడానికి పెట్టే విడి ట్యాంక్‌లో ఉంచాలి. దానికి ఇసుక, రాళ్లు వద్దు. స్పాంజ్ ఫిల్టర్, హీటర్, దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు చాలు. చీలేటెడ్ కాపర్ (వేరే పదార్థంతో కట్టి ఉంచిన కాపర్) అయితే 2 నుంచి 2.5 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) వరకు రెండు మూడు రోజుల్లో మెల్లగా పెంచి, 30 రోజులు అక్కడే నిలపాలి. రోజూ టెస్ట్ చేయాలి, మీ మందుకు సరిపడే టెస్ట్ కిట్టే కొనండి. అయానిక్ కాపర్ (అలా కట్టకుండా విడిగా ఉండేది) అయితే లెక్క వేరు, 0.5 దగ్గరే ఆగాలి. రెండింటినీ కలగలిపితే చేప చస్తుంది. అమోనియా పెరిగితే నీళ్లు మార్చండి. కాపర్ ఉన్న నీళ్లలో అమోనియాను, క్లోరిన్‌ను కట్టేసే మందులు వేయకండి, కొన్ని కాపర్‌ను ఇంకా విషంగా మారుస్తాయి.

మెయిన్ ట్యాంక్‌ను చేపలు లేకుండా 76 రోజులు వదిలేయండి. పెంకులోంచి 72 రోజుల తర్వాత కూడా పిల్లలు బయటికి రావడం పరిశోధనల్లో చూశారు.

జగిత్యాల_బ్లూ:
వెల్లుల్లి రసం కలిపిన మేత పెట్టండి, తగ్గుతుంది. క్లీనర్ ష్రింప్‌లు కూడా చుక్కలు ఏరుకుని తింటాయి కదా?

కరీంనగర్_సముద్రం:
వెల్లుల్లి వాసనకు చేప తింటే తినొచ్చు, ఇచ్ మాత్రం చావదు. ఆ పురుగు చర్మం లోపల ఉంటుంది, ష్రింప్ దాన్ని పీకలేదు.

నిజామాబాద్_టాంగ్స్:
టాంగ్‌లకు కాపర్ పడకపోతే తిండి మానేస్తాయి. ఇచ్ అని ఖాయమైతే నాకు టబ్బులు మార్చే పద్ధతే నచ్చుతుంది. 72 గంటలు నిండకుండానే కొత్త ఉప్పునీళ్లున్న శుభ్రమైన టబ్బులోకి చేపను మార్చాలి. అలా నాలుగు సార్లు. రాలిన పురుగు పిల్లలు పెట్టేలోపే పాత టబ్బు కడిగి పూర్తిగా ఎండబెట్టాలి. ఉప్పు ఖర్చు ఎక్కువే, కానీ మందు అక్కర్లేదు. వెల్వెట్‌కు మాత్రం ఇది నమ్ముకోవద్దు.

ఇంకో మాట, టాంగ్‌ను వలతో పట్టకండి. తోక మొదట్లో ఉండే ముల్లు వల దారాల్లో ఇరుక్కుంటే, గింజుకుని అక్కడే చర్మం చీరుకుంటుంది. మీరు చెప్పిన గాయం సరిగ్గా ఆ చోటే ఉంది, నాకైతే వల మీదే అనుమానం. ప్లాస్టిక్ డబ్బా ముంచి, చేపను అందులోకి తోలి, నీళ్లతో సహా ఎత్తండి.

హన్మకొండ_రీఫ్:
గాయానికి పసుపు రాయమని ఇంట్లో అంటున్నారు.

మంచిర్యాల_ఆక్వా:
వద్దన్నా. చేపను బయటికి తీసి రుద్దితే ఒంటి మీది జిగురు పోతుంది, దానికి రక్షణే ఆ జిగురు. చిన్న గీరుడు శుభ్రమైన నీళ్లలో దానంతట అదే మానుతుంది. అమోనియా సున్నా ఉండాలి, మంచి మేత పడాలి. ఎరుపు రోజురోజుకూ పాకినా, అంచులు తెల్లగా ఉబ్బినా, బొచ్చులాంటిది లేచినా బ్యాక్టీరియా పట్టినట్టు. అప్పుడు చేపల డాక్టర్ని అడిగి యాంటీబయోటిక్, అదీ హాస్పిటల్ ట్యాంక్‌లోనే.

మన ఎండల సంగతి మర్చిపోవద్దు. నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది, రోగంతో మొప్పలు దెబ్బతిన్న చేపకు అది ముందే చాలదు. కరెంటు పోతే చిన్న ట్యాంక్ త్వరగా చేయి జారుతుంది. బ్యాటరీ ఎయిర్ పంప్ పక్కనే ఉండాలి. నీళ్లు 27 డిగ్రీలు దాటుతుంటే ఐస్ బాటిల్ వేసి మెల్లగా దించు.

కాజీపేట_క్లౌన్:
కళ్లు మసకబారినా, చుక్కలు లేకుండా ఊరికే గీరుకుంటున్నా ఫ్లూక్స్ (ఒంటికి, మొప్పలకు అంటుకునే చదునైన పురుగులు) కూడా ఉండొచ్చు. వాటికి కాపర్ పనిచేయదు, ప్రాజిక్వాంటెల్ అనే పురుగుల మందు కావాలి. మా ఏంజెల్ చేపను ఉప్పు లేని ఆర్‌ఓ నీళ్లలో అయిదు నిమిషాలు ఉంచితే, ఒంటి మీద కంటికి కనిపించనివన్నీ పాలలా తెల్లబడి, పలచటి రేకుల్లా రాలి అడుగున పడ్డాయి. ఆ నీళ్ల వేడి, పీహెచ్ ట్యాంక్‌తో సమానంగా ఉండాలి. ఆర్‌ఓ నీళ్ల పీహెచ్ తక్కువ, చిటికెడు వంటసోడా వేసి, ఎయిర్ పెట్టి, కొలిచాకే చేపను వదలాలి. పక్కకు ఒరిగిపోతే వెంటనే తీసేయాలి.

హన్మకొండ_రీఫ్:
అప్‌డేట్. డబ్బాతోనే పట్టి మూడు చేపలనూ మార్చాను. కాపర్ మెల్లగా పెంచుతూ 2.2 దగ్గర నిలిపాను. టాంగ్ మేత తింటోంది, గాయం ఎరుపు పాకలేదు, అంచులు లోపలికి మూసుకుంటున్నాయి. మెయిన్ ట్యాంక్ ఖాళీగా ఉన్నన్నాళ్లూ కొత్త కోరల్ పెట్టుకోవచ్చా?

కరీంనగర్_సముద్రం:
ఆగండి. చేపలున్న ట్యాంక్ నుంచి వచ్చిన కోరల్ రాయికి, నత్త పెంకుకు ఇచ్ పురుగు కట్టుకున్న ఆ గట్టి గూళ్లు అంటుకుని రావచ్చు. ఒక్కటి పెట్టినా 76 రోజులు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాలి. ష్రింప్‌లకు మాత్రం కొంచెం మేత వేస్తూ ఉండండి. వలలు, చేతులు ఒక ట్యాంక్ నుంచి ఇంకో ట్యాంక్‌లోకి తడిగా పెట్టొద్దు.