ఐజీఐ చేసిన కంపెనీని ముంచింది ఎవరు?

కావలి_కుర్రాడు: ఐజీఐ అనే కంప్యూటర్ షూటింగ్ గేమ్ ఆడని నెట్ సెంటర్ మన నెల్లూరులో ఉండేదా? దాన్ని చేసింది నార్వేలోని ఇన్నర్‌లూప్ అనే చిన్న కంపెనీ. 2000లో ఐజీఐ, 2003లో ఐజీఐ 2, అదే ఏడాది మూత. నా మాట సూటిగా చెప్తున్నా: కాపీ సీడీ వేసి గంటల లెక్కన డబ్బులు తీసుకున్న సెంటర్లకూ ఆ పాపంలో వాటా ఉంది.

ట్రంకురోడ్డు_నెట్: నేను 2001 నుంచి ఎనిమిదేళ్ళు సెంటర్ నడిపాను, కాబట్టి నాకు తెలుసు. దాన్ని ముంచింది సేవ్ లేకపోవడం, అంటే మిషన్ మధ్యలో ఆడినంతవరకు దాచుకునే వీలు లేకపోవడం. ముప్పావు గంట నక్కి నక్కి వెళ్ళి, చివర్లో టవర్ మీది వాడు కాల్చాడంటే మిషన్ మళ్ళీ మొదటి నుంచి. కోపంతో కీబోర్డులు బాదేవాళ్ళు. నలుగురు కలిసి ఆడే వీలూ లేదు. పిల్లలు కలిసి ఆడుకునే కౌంటర్ స్ట్రైక్ అనే గేమ్‌కి వెళ్ళిపోయారు.

ఒంగోలు_వాసి: సేవ్ లేదు కాబట్టే అంత టెన్షన్‌గా ఉండేది అన్నా. అదే దాని అందం.

ట్రంకురోడ్డు_నెట్: అందం నీకు. టైమ్ అయిపోయింది లేవమంటే తిట్లు నాకు.

కావలి_కుర్రాడు: సేవ్ ఒక్కటే పట్టుకుంటే ఎలా? అప్పటి షూటింగ్ గేములు చాలావరకు గదులు, వరండాలే. వీళ్ళు 1997లో జాయింట్ స్ట్రైక్ ఫైటర్ అనే విమానాల గేమ్ చేశారు. ఆ గేమ్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్, అదే ఇంజన్, అందులోకి నడిచే మనిషిని దింపారు. అందుకే కొండ మీద నుంచి బైనాక్యులర్‌లో శత్రువుల బేస్ మొత్తం చూసుకుని, ఎటు నుంచి దూరాలో మనమే తేల్చుకునేవాళ్ళం. ఇక మీ సేవ్ సంగతి. ఐజీఐ 2లో లెక్కపెట్టి సేవ్‌లు ఇచ్చారు, నలుగురు కలిసి ఆడే మల్టీప్లేయర్ కూడా ఇచ్చారు. అయినా మూతపడిందే!

ట్రంకురోడ్డు_నెట్: ఆలస్యంగా ఇచ్చారు. పైగా మొదటిది అమ్మింది ఐడోస్ అనే కంపెనీ, రెండోది కోడ్‌మాస్టర్స్ అనే కంపెనీ. ఆడేవాడి డబ్బు ముందు వాళ్ళకే చేరుతుంది. మన దగ్గర రొయ్య పెంచేది ఒకడు, రేటు కట్టేది ఇంకొకడు. ఇదీ అంతే. యూరప్, అమెరికాల్లో అమ్ముకునే ఆటను నెల్లూరు సీడీ ముంచిందా?

ఒంగోలు_వాసి: ఈ మాట మాత్రం నిజం.

కావలి_కుర్రాడు: ఏం నిజం? హైదరాబాద్‌లో ఒక గేమ్ కంపెనీలో ఐదేళ్ళు 3డీ బొమ్మలు చేశాను. మూసేసేటప్పుడు మూడు నెలల జీతం ఎగ్గొట్టారు. చేసినవాడికి ఏమీ మిగలదని నాకు తెలుసు. మీరు మాత్రం వాళ్ళ కష్టం మీద గంటకు ఇరవై వసూలు చేశారు.

ట్రంకురోడ్డు_నెట్: మాట జాగ్రత్త. అప్పు చేసి పది సిస్టమ్స్ పెట్టాను. కరెంటు బిల్లు, అద్దె నేనే కట్టాను. ఫోన్లలో నెట్ వచ్చాక అన్నీ పాత సామాన్ల వాడికి తూకానికి ఇచ్చాను. నన్ను దొంగ అంటున్నావా?

ఒంగోలు_వాసి: ఇద్దరూ కాస్త తగ్గండి.

ట్రంకురోడ్డు_నెట్: తగ్గను. ఇంతకీ బాబూ, నువ్వు ఐజీఐ ఎక్కడ ఆడావు?

కావలి_కుర్రాడు: ఇంటర్ హాస్టల్ నుంచి ఆదివారం ఔటింగ్‌కి వదిలితే, ట్రంకు రోడ్డులోనే ఒక సెంటర్లో. మీదో, మీ పక్కదో. ఆ కొండలు ఎలా గీశారా అని ఆలోచిస్తూ హాస్టల్‌కి వెళ్ళేవాడిని. ఈ పనిలోకి వచ్చింది అందుకే.

ట్రంకురోడ్డు_నెట్: మరి ఆ సీడీ లేకపోతే నువ్వు ఈ పనిలో ఉండేవాడివా?

కావలి_కుర్రాడు: ఉండేవాడిని కాదు. మీకు నేను గంటకు ఇరవై ఇచ్చాను అన్నా. వాళ్ళకు మీరూ ఇవ్వలేదు, నేనూ ఇవ్వలేదు. కంపెనీ మన వల్లే పోయిందని ఇక అనను. కానీ వాళ్ళకు మనం బాకీ లేమంటే ఒప్పుకోను.

ట్రంకురోడ్డు_నెట్: అసలు సీడీ అప్పుడు నెల్లూరులో ఎక్కడ దొరికేదో చెప్పు. కొనేవాణ్ణి.

కావలి_కుర్రాడు: ఎవరినైనా అడిగారా అన్నా?

ట్రంకురోడ్డు_నెట్: లేదు. అడగాలని కూడా తట్టలేదు.